బ్లాక్ పౌడర్ రైఫిల్: ఎండగాలిలో, వానలో
ఇంగ్లండులోని బిస్లీ మైదానంలో 1000 గజాల పోటీకి బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్ల తుపాకిమందు) తూటాల రైఫిల్‌తో దిగేవారు గాలిని గమనించినంత శ్రద్ధగా తుపాకి గొట్టంలో ఆ మందు కాలి మిగిలే మసినీ గమనించాలి. పొడిగాలి వీచే రోజున ఆ మసి కొద్ది గుండ్లకే పెంకులా గట్టిపడి గురిని చెదరగొడుతుంది కనుక, ప్రతి గుండు తరువాత ఖాళీ చాంబరులో (తూటా కూర్చునే గదిలో) ఊదుడు గొట్టం పెట్టి నాలుగైదు సార్లు నిదానంగా ఊదితే, ఊపిరిలోని తేమకు అది మెత్తబడుతుంది. జల్లు పడేటప్పుడు మసి దానంతటదే మెత్తగా ఉంటుంది. అప్పుడు ఊదడం తగ్గించి, చాంబరులో నీటిబొట్టు నిలవకుండా పొడిగుడ్డతో తుడిచి, తూటాలను మూతపెట్టెలోంచి ఒక్కొక్కటిగానే తీయాలి. నా మట్టుకు వానకన్నా వాన వెలిసి ఎండ కాసిన పావుగంటే ఎక్కువ చిక్కు: అంతవరకు సరిపోయిన రెండు ఊపిరులు ఇక చాలవు, తూటా చాంబరులోకి బిగుతుగా దిగడమే అందుకు తొలి గుర్తు.