డిక్రీ వచ్చాక బాకీదారు నగదు, బ్యాంకు ఖాతా జప్తు చేయించడం ఎలా?

డిక్రీ అంటే బాకీ కట్టమని కోర్టు ఇచ్చిన ఉత్తర్వు. దాని కాపీకి లామినేషన్ చేయించి బీరువాలో దాచుకునేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. ఏళ్లు గడిచాక దాన్ని తీసుకొచ్చి "కోర్టువాళ్లు డబ్బు ఎప్పుడిస్తారండీ?" అని అడుగుతారు. కోర్టు తనంతట తాను ఇవ్వదు. మనం ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేసి రాబట్టుకోవాలి. కోర్టు ఆవరణలో దాన్ని ఈపీ అంటారు. నేను వకీలు గుమాస్తాను. వాదించేది మా సారు, కాగితాలు కదిపేది నేను. ప్రోనోటు మీదో చెక్కు మీదో డబ్బు డిక్రీ తెచ్చుకున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

కావలసిన కాగితాలు పెద్దగా ఏమీ లేవు. డిక్రీ సర్టిఫైడ్ కాపీ, వకాలతు (వకీలుకు ఇచ్చే అధికారపత్రం), అఫిడవిట్, బత్తా (నోటీసులు, అమలు ఖర్చుల కింద కట్టే రుసుము), లెక్క మెమో. మెమోలో అసలు, వడ్డీ, ఖర్చులు, ఈలోపు ముట్టిన సొమ్ము వేరువేరుగా చూపించాలి. ముట్టింది దాచొద్దు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21, రూల్ 11 అడిగిన పట్టిక నింపితే ఈపీ తయారైనట్టే. కింద చెప్పే రూళ్లన్నీ ఈ ఆర్డర్ 21వే, వేరే చట్టం పేరు చెప్పకపోతే సెక్షన్లు ఈ కోడ్‌వే.

ఈపీకి గడువు 12 ఏళ్లు. నా దగ్గరికి వచ్చినవాళ్లకు మాత్రం రెండేళ్లనే చెబుతాను. డిక్రీ తేదీ నుంచి రెండేళ్లు దాటితే రూల్ 22 కింద బాకీదారుకు ముందు నోటీసు వెళ్లాలి. నోటీసు అందిన సాయంత్రమే ఖాతాలో డబ్బు బావమరిది ఖాతాకు మారిపోతుంది. నోటీసు లేకుండా ముందుకెళ్లే అధికారం కోర్టుకు ఉంది గానీ, కారణాలు రాసి మరీ ఇవ్వాలి. ఆ కారణాలు చూపించాల్సిన టెన్షన్ మనకెందుకు? రెండేళ్లలోపు వేసేయండి.

ఇక ఏం పట్టుకోవాలి? పదిమందిలో తొమ్మిదిమంది "ముందు అరెస్టు చేయించండి సార్" అంటారు. వద్దు. డబ్బు లేక కట్టలేనివాణ్ని జైల్లో పెట్టకూడదని 1980లోనే జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కట్టగలిగీ ఎగ్గొడుతున్నాడని రుజువు చేయాల్సింది మనం. చేసినా గరిష్ఠంగా మూడు నెలలు. ఆ మూడు నెలలూ అతని తిండి ఖర్చు మనమే కట్టాలి. డబ్బు డిక్రీ మీద ఆడవాళ్లను అసలు అరెస్టు చేయకూడదు.

చేతిలో ఉన్న నగదును జప్తు చేయించడం రెండో దారి. అమీనా, అంటే కోర్టు ఉత్తర్వులు అమలు చేసే ఉద్యోగి, దుకాణానికి వెళ్లి గల్లాపెట్టెలో ఉన్నది లెక్కపెట్టి, జాబితా రాసి తెస్తాడు. ఇంటికైతే పొద్దు పొడవక ముందూ, పొద్దు గుంకాకా వెళ్లకూడదు. పట్టుకున్నవి కరెన్సీ నోట్లయితే వేలంతో పని లేదు, రూల్ 56 ప్రకారం కోర్టు నేరుగా డిక్రీదారుకు, అంటే మనకు, ఇప్పించవచ్చు. ఇంగ్లండులో 1838 చట్టం వచ్చేదాకా షెరీఫ్ (అక్కడ అమలు చేసే అధికారి) బాకీదారు సామాను అమ్మగలిగేవాడు గానీ, పెట్టెలో నోట్లు ముట్టుకోవడానికి వీలుండేది కాదట! అమ్మదగ్గ వస్తువు కాదు కదా అని వాళ్ల వాదన. మనకు ఆ బాధ లేదు. అయినా నేను ఈ దారి రెండోసారికే ఉంచుతాను. అమీనా వీధి మలుపు తిరిగేలోపే గల్లాపెట్టె ఖాళీ అవుతుంది. దొరికిన నాలుగు నోట్లూ "చీటీ డబ్బండీ, నాది కాదు" అంటారు.

అందుకే బ్యాంకు ఖాతా. పని చెడిపోయేదీ ఇక్కడే. కాబట్టి నెమ్మదిగా చదవండి.

ఖాతా నంబరు, బ్రాంచి, బ్యాంకులో ఉన్న పేరు ఉన్నట్టుగా కావాలి. "ఫలానా బ్యాంకు" అని రాసి ఊరుకుంటే పిటిషన్ తిరిగొస్తుంది. ఎక్కడ దొరుకుతుందని అడక్కండి, మీ దావాలోనే సాక్ష్యంగా మార్కు చేసిన చెక్కు మీద చూడండి. గతంలో అతను వడ్డీ పంపిన ఫోన్‌పే రసీదు చూడండి. రూల్ 41 కింద బాకీదారునే ఆస్తుల అఫిడవిట్ అడగవచ్చు గానీ, అది చాటింపు వేసి వెళ్లడమే. వేరే దారి లేనప్పుడే వాడండి.

బ్రాంచి మీ కోర్టు పరిధిలో ఉందా? డిక్రీ తెనాలిది, ఖాతా హైదరాబాదుది అయితే తెనాలి కోర్టు అక్కడి ఆస్తి మీద అమలు చేయలేదు. 2002 సవరణతో సెక్షన్ 39కి చేర్చిన నాలుగో ఉపసెక్షన్ ఆ మాట స్పష్టంగా చెబుతోంది. డిక్రీని ముందు ట్రాన్స్‌ఫర్ చేయించుకోవాలి. దీన్ని పట్టించుకోక నెలలు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

పిటిషన్‌లో రెండూ అడగండి. రూల్ 46 కింద ఖాతాలో డబ్బు ఎవరికీ ఇవ్వొద్దని నిషేధ ఉత్తర్వు, రూల్ 46ఏ కింద బ్యాంకుకు గార్నిషీ నోటీసు (బాకీదారు డబ్బు తన దగ్గరున్న మూడో వ్యక్తిని గార్నిషీ అంటారు). మొదటిది డబ్బును కదలకుండా ఆపుతుంది. రెండోది "కోర్టులో కట్టు, లేదా ఎందుకు కట్టనో వచ్చి చెప్పు" అంటుంది. ఒకటే అడిగినవాళ్లు సగం పనే చేసినట్టు. ఉత్తర్వు చేరిన రోజున ఉన్న నిల్వే మనకు చిక్కేది, కాబట్టి తేదీ చూసుకోండి. వ్యాపారి అయితే నెల మొదటి వారం. పోస్టుకు వదిలేయకండి. అమీనాతో పాటు బ్రాంచికి వెళ్లి సీలు, తేదీ, టైము వేయించుకోండి.

బ్యాంకు రకరకాల జవాబులిస్తుంది. అది ఓవర్‌డ్రాఫ్ట్ ఖాతా అంటే అక్కడ కస్టమరే బ్యాంకుకు బాకీ, మనం పట్టుకోవడానికేమీ లేదు. "మా లోను ఉంది, జమ చేసుకున్నాం" అంటే ఏ తేదీన చేసుకున్నారో స్టేట్‌మెంటు అడగండి. ఉత్తర్వు చేరాక చేసి ఉంటే గట్టిగా పోట్లాడాలి. పెన్షన్, పీఎఫ్ జోలికి పోవద్దు. రిటైరయినప్పుడు వచ్చిన సొమ్ము ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా మారినా దానికి సెక్షన్ 60 రక్షణ ఉంటుందని రాధేశ్యాం గుప్తా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఉద్యోగి అయితే ఖాతాను వదిలి, యజమాని ద్వారా జీతం పట్టండి. మొదటి వెయ్యి రూపాయలు, మిగతాదాంట్లో మూడింట రెండు వంతులు పోగా మిగిలిందే మనది.

జాయింట్ ఖాతా అయితే భార్య రూల్ 58 కింద క్లెయిమ్ వేస్తుంది. "వేరే దావా వేసుకోమనండి" అని తేలిగ్గా తీసుకోకండి. హక్కెవరిదో ఇదే కోర్టు విచారించి తేలుస్తుంది, ఆ ఉత్తర్వుకు డిక్రీ విలువ ఉంటుంది. ఖాతాలో జమ ఎవరి సంపాదన నుంచి వచ్చిందో చూపించే స్టేట్‌మెంట్లు తెప్పించండి. నోటిమాటతో గెలవలేరు.

ఇన్నీ దాటి డబ్బు కోర్టు డిపాజిట్‌లో పడిందనుకోండి. అది ఇంకా మీది కాదు! ముందు జప్తు చేసినవాడికే మొత్తం దక్కుతుందన్నది అపోహ. కోర్టుకు సొమ్ము అందేలోపు అదే బాకీదారు మీద అదే కోర్టులో ఈపీ వేసి, ఇంకా డబ్బు ముట్టని డబ్బు డిక్రీదారులందరికీ సెక్షన్ 73 ప్రకారం దామాషాగా పంచుతారు. ఖర్చులు పోను రెండు లక్షలు ఉన్నాయి, మీ బాకీ మూడు లక్షలు, ఇంకొకరిది లక్ష అనుకుంటే మీకు 1,50,000, ఆయనకు 50,000. కష్టపడింది మీరే, పాలు మాత్రం లెక్క ప్రకారం. అదే మీరు ఆ రెండో వ్యక్తి అయితే, పక్కవాడు జప్తు చేయించాడని వినగానే మీ ఈపీ పడాలి. సొమ్ము కోర్టుకు చేరాక వేస్తే వాటా రాదు.

ఇక ఐపీ, అంటే దివాలా పిటిషన్, పెట్టేస్తానని బెదిరించేవాళ్ల సంగతి. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం సెక్షన్ 51 చూడండి. ఐపీ పిటిషన్ అడ్మిట్ అయ్యే తేదీకి ముందే అమలులో రాబట్టిన సొమ్ము మీద మీ హక్కు నిలుస్తుంది, ఆ తర్వాతది రిసీవర్‌కు (దివాలా తీసినవాడి ఆస్తి చూసే అధికారికి) పోతుంది. వాయిదాల మీద వాయిదాలు ఒప్పుకోవద్దనేది ఇందుకే. ఆరు నెలల్లో ఈపీ తేల్చాలని 2021లో రాహుల్ ఎస్. షా కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట కోర్టుకిచ్చే మెమోలో రాయించండి.

డిపాజిట్ పడిన వెంటనే ఆ సొమ్ము ఇప్పించమని చెక్ పిటిషన్ వేయండి, మీ బ్యాంకు వివరాలు జత చేసి. మొత్తం ముడితే బాకీ తీరిందని ఫుల్ శాటిస్‌ఫాక్షన్ మెమో ఇచ్చేయాలి. కొంతే ముడితే ఆ మేరకు పార్ట్ శాటిస్‌ఫాక్షన్ రికార్డు చేయించుకుని, మిగతాదానికి 12 ఏళ్ల గడువులో మళ్లీ ఈపీ వేసుకోవచ్చు.