హామ్ టీవీ బొమ్మ రావడం లేదా? పెద్ద డిష్ కొనే ముందు ఇవి చూడండి

బెంగళూరులో మేడ మీద డిష్ బిగించి, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం పంపే హామ్ టీవీని (హామ్ రేడియో అభిరుచి ఉన్నవారి కోసం వచ్చే టీవీ ప్రసారాన్ని) పట్టాలని చూసే మనవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటే: ఇంకా పెద్ద డిష్ కావాలా? చాలాసార్లు అక్కర్లేదు. కొలంబస్ మాడ్యూల్ నుంచి 2395 మెగాహెర్ట్జ్ మీద వచ్చే ఆ ప్రసారం బలం, యాంటెన్నా గెయిన్ కలుపుకున్నా, సుమారు 10 వాట్లే. అయినా కేంద్రం నడినెత్తిన 400 కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు 1.2 మీటర్ల డిష్ సరిపోతుంది. అదే 1,500 కిలోమీటర్ల అవతల, ఆకాశపు అంచున ఉంటే సిగ్నల్ 11 డెసిబెల్స్‌కు పైగా, అంటే పదో వంతు కంటే తక్కువకు, తగ్గిపోతుంది.

ట్యూనర్ అసలు లాక్ కావడం లేదు

లాక్ అంటే ట్యూనర్ సిగ్నల్‌ను గుర్తించి పట్టుకోవడం. మామూలు శాటిలైట్ బాక్సు 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ వరకే పడుతుంది. 2395 దానికి అందదు. ఫ్రీక్వెన్సీని కిందికి దించే డౌన్ కన్వర్టర్ పెట్టాలి, లేదా 2450 దాకా పట్టే మినీట్యూనర్ అనే రిసీవర్ వాడాలి.

అది సరిగ్గానే ఉంటే కేబుల్ చూడండి. ఈ ఫ్రీక్వెన్సీలో ఆర్‌జీ-58 కేబుల్ మీటరుకు దాదాపు ఒక డెసిబెల్ మింగేస్తుంది. మేడ మీది నుంచి కింది గదికి పది మీటర్లు లాగారంటే చేరేది పదో వంతే. డిష్ వ్యాసాన్ని రెట్టింపు చేసినా ఆరు డెసిబెల్సే వస్తాయి. నష్టం కూడా పూడదు. ఎల్ఎన్ఏను (బలహీన సిగ్నల్‌ను పెంచే యాంప్లిఫయర్‌ను) ఫీడ్ దగ్గరే, అంటే డిష్ ముందుండే చిన్న యాంటెన్నా దగ్గరే బిగించండి. దానికి కరెంటు కేబుల్ గుండానే వెళ్తుంటే, పై చివర వోల్టేజీ ఎంత అందుతోందో మీటరు పెట్టి కొలవండి.

ఒక దిక్కున వస్తుంది, ఇంకో దిక్కున పోతుంది

నా దృష్టిలో మన నగరంలో అసలు తలనొప్పి ఇదే. మన దేశంలో 2300 నుంచి 2400 మెగాహెర్ట్జ్ వరకు 4జీకి ఇచ్చిన పట్టీ. అంటే 2395 దాని లోపలే ఉంది. పైన 2400 దాటగానే వైఫై మొదలవుతుంది. పక్క భవనం మీది సెల్ టవర్ డిష్‌కు ఎదురుపడగానే ఎల్ఎన్ఏ ఉక్కిరిబిక్కిరవుతుంది. స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ ఉందో) గీసి చూపే రిసీవర్ పెట్టి డిష్‌ను నెమ్మదిగా చుట్టూ తిప్పండి. అడుగు గీత (నాయిస్ స్థాయి) ఏ దిక్కున ఎగబాకితే దోషి అటే ఉన్నట్టు. ఎల్ఎన్ఏకు ముందు, కావాల్సిన ఫ్రీక్వెన్సీనే పోనిచ్చే క్యావిటీ ఫిల్టర్ పెడితే దూరపు ఫ్రీక్వెన్సీల బెడద తగ్గుతుంది, కొంత సిగ్నల్ పోయినా సరే. టవర్ సిగ్నల్ 2395కు ఆనుకునే ఉంటే మాత్రం ఫిల్టర్ చేయగలిగింది లేదు. డిష్‌ను మెట్ల గది గోడ చాటుకు జరపండి, టవర్ లేని దిక్కు నుంచి వచ్చే పాస్‌లు (కేంద్రం మన ఆకాశం మీదుగా వెళ్లే వేళలు) ఎంచుకోండి.

వస్తుంది కానీ ఎప్పుడూ నీరసమే

ఫీడ్ చూడండి. అటు ప్రసారానిది వృత్తాకార ధ్రువణం (గిర్రున తిరుగుతూ వచ్చే తరంగం), ఇటు నిటారు డైపోల్ (తిన్నని తీగ యాంటెన్నా) అయితే మూడు డెసిబెల్స్ పోయినట్టే. హెలిక్స్ (స్ప్రింగులా చుట్టిన యాంటెన్నా) వాడేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: డిష్ మీద పడి తిరిగి వచ్చేసరికి తరంగం తిరిగే దిశ తారుమారవుతుంది. కాబట్టి తీగను ఎదురు దిశలో చుట్టాలి.

లాక్ అయింది, తెర మాత్రం నల్లగా ఉంది

ఏమీ పాడవలేదు. కెమెరా కలపకుండా ఖాళీ బొమ్మ పంపడం అక్కడ మామూలే. యాంటెన్నా సరిచూసుకోవడానికి నిజానికి అదే మంచి సమయం. 2018లో ఆ ట్రాన్స్‌మిటరే పాడై కిందికి తేవాల్సి వచ్చింది కనుక, ప్రసారం నడుస్తోందో లేదో ముందే కనుక్కోండి.

సరిగ్గా నడినెత్తికి వచ్చేసరికి బొమ్మ ముక్కలవుతుంది

1.2 మీటర్ల డిష్ చూపు వెడల్పు ఏడు డిగ్రీలే. నడినెత్తిన కేంద్రం సెకనుకు సుమారు ఒక డిగ్రీ కదులుతుంది. అక్కడ డిష్‌ను తిప్పే రొటేటర్ ఒక్కసారిగా అటు నుంచి ఇటు తిరగాల్సి వస్తుంది, అందుకోలేదు. గరిష్ఠంగా 50 డిగ్రీల ఎత్తుకు వచ్చే పాస్ పట్టండి. నడినెత్తితో పోలిస్తే పోయేది సుమారు రెండు డెసిబెల్సే.

కొందరు డాప్లర్ మీద (కేంద్రం వేగం వల్ల ఫ్రీక్వెన్సీ మారడం మీద) నెపం వేస్తారు. ఇక్కడ అది అటూ ఇటూ 55 కిలోహెర్ట్జ్ వరకే. సెకనుకు ఇరవై లక్షల సింబళ్లు (డేటా ముక్కలు) పంపే ఈ ప్రసారానికి అదొక లెక్కలోది కాదు. దాని కంటే ఎండకు వేడెక్కిన చవక కన్వర్టర్ ఎక్కువ దూరం జారుతుంది. పాస్‌కు ముందు కాసేపు దాన్ని ఆన్‌లో ఉంచి, నీడలో పెట్టండి.