ఉప్పునీటి చేపకు చర్మవ్యాధి వస్తే: మందు వేసే ముందు చూడవలసినవి, వేశాక పాటించవలసినవి

తిరుపతిలో అక్వేరియం పెంచేవారిలో ఎక్కువమంది మంచినీటి చేపలతోనే మొదలుపెడతారు. గోల్డ్‌ఫిష్ ఒంటిమీద తెల్లచుక్కలు కనిపిస్తే గుప్పెడు కల్లుప్పు వేయడం, నీటిని కొంచెం వేడి చేయడం వారికి అలవాటైన వైద్యం. మంచినీటి పరాన్నజీవి ఉప్పును తట్టుకోలేదు గనుక అక్కడ ఆ వైద్యం చాలావరకు పనిచేస్తుంది. అదే చేయి ఉప్పునీటి తొట్టె మీద పడితే ఫలితం ఉండదు, ఎందుకంటే ఇక్కడి పరాన్నజీవి పుట్టిందే లీటరుకు ముప్పై అయిదు గ్రాముల ఉప్పున్న నీటిలో. వేడి పెంచడం ఇంకా చెడ్డది. వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, పరాన్నజీవి జీవితచక్రం వేగం అందుకుంటుంది, అప్పటికే మొప్పలు దెబ్బతిన్న చేపకు ఊపిరి అందదు.

రోగాన్ని గుర్తించే పని ఉదయం దీపాలు వేయకముందే మొదలుపెట్టాలి. గది చీకటిగా ఉన్నప్పుడు టార్చిని తొట్టెకు పక్కనుంచి ఏటవాలుగా వేసి చూస్తే, నేరుగా పడే వెలుతురులో కనిపించని పొడి, పొర, వాపు స్పష్టంగా తెలుస్తాయి. తరువాత ఫోన్‌లో ఒక నిమిషం వీడియో తీసి, మొప్పల తలుపులు ఎన్నిసార్లు తెరుచుకున్నాయో లెక్కపెట్టాలి. ఒక్కో జాతికి ఈ లెక్క ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి, చేప ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే లెక్కించి రాసి పెట్టుకున్నవారికి మాత్రమే ఇది పూర్తిగా అక్కరకు వస్తుంది. చర్మం మీద నాలుగు చుక్కలే ఉన్నా శ్వాస రెట్టింపయిందంటే, అసలు రోగం మొప్పల్లో ముదిరిందని అర్థం.

ఇక పోలికలు. నేను వంటింటి వస్తువులతో గుర్తుపెట్టుకుంటాను. శాస్త్రీయ నామాలకంటే తొట్టె ముందు నిలబడినప్పుడు అవే ముందుగా తడతాయి.

ఒంటిమీద, రెక్కలమీద ఉప్పురవ్వ పలుకుల్లా విడివిడిగా, లెక్కపెట్టగలిగేటట్లు తెల్లచుక్కలు ఉంటే అది మెరైన్ ఇక్. దీనికి కారణం క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అనే ఏకకణజీవి. ఇది చర్మం పైన కాక పైపొర కింద దూరి మూడు నుంచి ఏడు రోజులు తింటుంది, తరువాత చేపను వదిలి ఇసుక మీదో రాయి మీదో గట్టి తిత్తి కట్టుకుంటుంది, ఆ తిత్తి పగిలి వందలకొద్దీ పిల్లలు ఈదుకుంటూ బయటికి వచ్చి మళ్లీ చేపను వెతుక్కుంటాయి. తిత్తి మూడు రోజుల్లోనే పగలవచ్చు, కొన్ని పది వారాల వరకూ ఆగవచ్చు. చాలామంది మోసపోయేది ఇక్కడే. నాలుగో రోజున చుక్కలు మాయమవుతాయి. ఆ ముందురోజు వెల్లుల్లి రసం కలిపిన మేత వేసి ఉంటే ఆ ఘనత వెల్లుల్లికి దక్కుతుంది. రెండు వారాలకు చుక్కలు పదింతలై తిరిగి వస్తాయి. చుక్కలు పోవడం రోగం పోవడం కాదు, పరాన్నజీవి తన తరువాతి దశకు వెళ్లడం మాత్రమే.

చుక్కలు లెక్కకు అందకుండా, ముగ్గుపిండి జల్లినట్టు సన్నని పొడి ఒంటినిండా పరుచుకుని, ఏటవాలు వెలుతురులో బంగారు ఛాయతో మెరిస్తే అది వెల్వెట్. దీన్ని కలిగించేది అమైలోఊడినియం ఒసెల్లేటం. చాలాసార్లు ఈ పొడి కనిపించే లోపే చేప చనిపోతుంది, ఎందుకంటే ఇది ముందు మొప్పలను పట్టుకుంటుంది. చేప వెలుతురుకు దూరంగా జరగడం, పంపు నుంచి వచ్చే నీటి ధారకు ఎదురుగా తల పెట్టి నిలబడటం, మేత ముట్టకపోవడం, వేగంగా రొప్పడం దీని తొలి గుర్తులు. ఇక్ విషయంలో ఆలోచించుకోవడానికి సాధారణంగా కొన్ని రోజుల గడువు దొరుకుతుంది. వెల్వెట్‌కు గడువు గంటల్లోనే ఉంటుంది. రెంటిలో ఏదో తేల్చుకోలేకపోతే వెల్వెట్ అనుకుని పని మొదలుపెట్టడమే క్షేమం.

మూడోది క్లౌన్ ఫిష్‌లను ఎక్కువగా పట్టే బ్రూక్లినెల్లా అనే మరో ఏకకణజీవి. చుక్కలు ఉండవు. గంజి వార్చి పోసినట్టు తెల్లని జిగురు మచ్చలు మచ్చలుగా కమ్ముకుని, ఆ పొర పేలికలుగా ఊడి నీటిలో వేలాడుతుంది. మద్రాసులోని కొళత్తూరు నుంచి సంచిలో తెచ్చుకున్న నా మొదటి క్లౌన్ జంటను దీనితోనే పోగొట్టుకున్నాను. తెలుపు కనిపించగానే ఇక్ అని తీర్మానించి రాగి మందు వేశాను. రాగి బ్రూక్లినెల్లాను ఏమీ చేయదు. మందు మోతాదు సరిగ్గా ఉందా లేదా అని నేను పరీక్షిస్తూ కూర్చున్న రెండు రోజుల్లో రెండూ పోయాయి. మోతాదు సరిగ్గానే ఉంది, రోగమే వేరు.

మిగిలినవి త్వరగా చెప్పుకోవచ్చు. క్రోమిస్, ఆంథియాస్ వంటి చేపల పక్కల్లో పొలుసులు లేచి ఎర్రని పుండు పడితే యూరోనెమా అనే ఏకకణజీవిని అనుమానించాలి. అది కండరంలోకి దిగాక బతికించడం కష్టం. కళ్లు మసకబారి, చేప రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటూ ఉంటే చర్మపు ఫ్లూక్‌లు, అంటే కంటికి దాదాపు కనిపించని చదును పురుగులు కావచ్చు. రెక్క అంచున కాలీఫ్లవర్ ముక్కలా గడ్డ పెరిగితే అది లింఫోసిస్టిస్ అనే వైరస్ వ్యాధి. దానికి మందు లేదు, అవసరమూ తక్కువే, మంచి నీరు, మంచి మేత ఉంటే కొన్ని వారాల నుంచి నెలల్లో దానంతట అదే రాలిపోతుంది. దానికి రాగి వేసి చేపను హింసించవద్దు. అంటుకున్న ఇసుక రేణువు, గాలిబుడగ కూడా చుక్కల్లాగే కనిపిస్తాయి కాబట్టి ఒక గంట ఆగి రెండోసారి చూడాలి.

ఇంకా నిశ్చయం కావాలంటే సూక్ష్మదర్శినిని మించింది లేదు. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం తిరుపతిలోనే ఉంది. అక్కడ చదివే విద్యార్థి ఎవరైనా తెలిసి ఉంటే ఈ విషయంలో అదృష్టవంతులే. అప్పుడే చనిపోయిన చేప మొప్ప నుంచి, జిగురు నుంచి చిన్న తునకను అదే తొట్టె నీటి చుక్కతో గాజుపలక మీద ఉంచి వందరెట్ల పెద్దదిగా చూడాలి. గుండ్రంగా, లోపలికి వెలుతురు చొరనంత చిక్కగా, నెమ్మదిగా తిరుగుతూ ఉంటే క్రిప్టోకారియాన్. కదలకుండా ముదురు రంగు బేరిపండులా అతుక్కుని ఉంటే వెల్వెట్. చిక్కుడు గింజ ఆకారంలో చురుగ్గా పరుగులు తీస్తుంటే బ్రూక్లినెల్లా. చనిపోయిన చేపను పరాన్నజీవులు త్వరగా వదిలిపోతాయి కనుక సాయంత్రం దాకా ఫ్రిజ్‌లో పెట్టి తీసుకెళ్తే ప్రయోజనం ఉండదు.

ఏ మందైనా ప్రధాన తొట్టెలో వేయకూడదు. రాగి, ఫార్మలిన్ రెండూ పగడాలను, రొయ్యలను, నత్తలను చంపుతాయి. పైగా లైవ్ రాక్ (బాక్టీరియా నిండిన సముద్రపు రాయి), పగడపు ఇసుక రాగిని పీల్చుకుంటాయి కాబట్టి మోతాదు ఎప్పటికీ నిలవదు. అందుకని నలభై నుంచి ఎనభై లీటర్ల విడి తొట్టె ఒకటి సిద్ధంగా ఉండాలి. అందులో ఇసుక, రాయి ఏవీ వద్దు. చేప దాక్కోవడానికి నాలుగు పీవీసీ గొట్టపు ముక్కలు, స్పాంజి ఫిల్టర్, హీటర్, అమ్మోనియా పరీక్ష కిట్ చాలు. ఆ స్పాంజిని ఎప్పుడూ ప్రధాన తొట్టె సంప్‌లోనే, అంటే దానికి కలిపి ఉండే వడపోత తొట్టెలోనే, నానబెట్టి ఉంచితే, అవసరమైన రోజున మంచి బాక్టీరియాతో సహా సిద్ధంగా దొరుకుతుంది. మన బోరు నీళ్లు గట్టివి, మున్సిపాలిటీ నీటిలో క్లోరిన్ ఉంటుంది. ఉప్పు కలపడానికి ఆర్‌వో నీరే వాడాలి. కరెంటు పోయినప్పుడు పనిచేసే బ్యాటరీ ఎయిర్ పంపు కూడా ఉండాలి. వేసవిలో మధ్యాహ్నం ఒక గంట కరెంటు పోయినా రోగమున్న చేపకు అది ప్రాణాంతకం.

ఇక్, వెల్వెట్ రెంటికీ పనిచేసే మందు రాగి. మన మామిడి తోటల్లో బోర్డో మిశ్రమానికి వాడే మైలుతుత్తమే ఇది, కానీ ఎరువుల దుకాణంలో దొరికే సరుకులో ఇతర లోహాలు కలిసి ఉండవచ్చు కాబట్టి ప్రయోగశాల నాణ్యత గల కాపర్ సల్ఫేట్‌నే తీసుకోవాలి. లీటరు డిస్టిల్డ్ నీటిలో 4 గ్రాముల నీలి స్ఫటికాలు కరిగిస్తే, ఆ ద్రావణంలో మిల్లీలీటరుకు సుమారు 1 మిల్లీగ్రాము రాగి ఉంటుంది. తొట్టె పొడవు, వెడల్పు, నీటి ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. 60 లీటర్ల నీటికి 9 మిల్లీలీటర్లు పోస్తే లీటరుకు 0.15 మిల్లీగ్రాములు అవుతుంది. దీన్ని ఒకేసారి పోయకుండా రెండు రోజుల్లో విడతలుగా పోయాలి. వెల్వెట్ అయితే అంత ఆగే వీలు లేదు, ఒక్కరోజులోనే పూర్తి చేయాలి. అక్కడినుంచి 30 రోజులపాటు రాగి 0.15కు తగ్గకుండా, 0.20 దాటకుండా ఉదయం, సాయంత్రం రాగి పరీక్ష కిట్‌తో కొలవాలి. ఒక్కరోజు తగ్గినా లెక్క మళ్లీ మొదటినుంచి. అంగట్లో దొరికే కీలేటెడ్ రాగి మందుల (రాగిని మరో రసాయనంతో బంధించి ఉంచినవాటి) మోతాదు ఇంతకు చాలా ఎక్కువ, వాటి కిట్ కూడా వేరు. వాటికి సీసా మీది లెక్కనే అనుసరించాలి, ఈ అంకెలను వాటికి అన్వయించకూడదు. క్లోరిన్, అమ్మోనియా విరిచే ద్రావణాలను రాగి ఉన్న నీటిలో పోస్తే రాగి విషతుల్యం కావచ్చు. అమ్మోనియా పెరిగితే నీరు మార్చి, మార్చిన నీటికి సరిపడా రాగి కలపాలి.

రాగి మీద నమ్మకం లేనివారికి ఇక్ ఒక్కదానికే పనికివచ్చే మరో దారి ఉంది, అది తొట్టె మార్చడం. తిత్తి పగలడానికి కనీసం మూడు రోజులు పడుతుంది కాబట్టి, 72 గంటలు నిండకముందే చేపను కొత్త నీరున్న మరో తొట్టెలోకి మారుస్తూ పోతే పిల్లలు పుట్టేసరికి చేప అక్కడ ఉండదు. నాలుగు మార్పిళ్లతో సుమారు పన్నెండు రోజుల్లో పని ముగుస్తుంది. పాత తొట్టెను, గొట్టాలను, వలను కడిగి ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. ఈ విషయంలో మాత్రం చిత్తూరు ఎండలు మనకు గొప్ప వరం. వెల్వెట్‌కు ఈ పద్ధతిని నమ్ముకోకూడదు. ఉప్పును 1.009 సాంద్రతకు తగ్గించి నాలుగు వారాలు ఉంచే పద్ధతి కూడా ఇక్‌కే. వెల్వెట్ తక్కువ ఉప్పులోనూ హాయిగా బతుకుతుంది.

బ్రూక్లినెల్లాకు ఫార్మలిన్ స్నానం చేయించాలి. కోళ్లఫారాల్లో పొగబెట్టడానికి వాడే ఫార్మలిన్ మన జిల్లాలో సులభంగానే దొరుకుతుంది, అయితే సీసా అడుగున తెల్లని మడ్డి ఉంటే ఒక్క చుక్క కూడా వాడకూడదు. ఆ మడ్డి చేపలకు విషం. 37 శాతం ఫార్మలిన్ 1.5 మిల్లీలీటర్లను 10 లీటర్ల ఉప్పునీటిలో బాగా కలిపి, అరగంట ముందునుంచే గాలి బలంగా ఆడనిచ్చి, తరువాత చేపను వదిలి 30 నుంచి 45 నిమిషాలు పక్కనే కూర్చుని చూడాలి. ఫార్మలిన్ నీటిలోని ప్రాణవాయువును తగ్గిస్తుంది కాబట్టి చేప పక్కకు ఒరిగినా, పైకి వచ్చి గుటకలు వేసినా వెంటనే తీసి శుభ్రమైన విడి తొట్టెలో వేయాలి. ఒకరోజు విడిచి ఒకరోజు రెండు మూడుసార్లు చేస్తే చాలావరకు తగ్గుతుంది. ఫార్మలిన్ క్యాన్సర్ కారకం. చేతితొడుగులు వేసుకుని మిద్దె మీదో వరండాలోనో చేయాలి, పిల్లలు తిరిగే వంటింట్లో కాదు.

ఫ్లూక్‌లకు మంచినీటి ముంపు పరీక్షా అవుతుంది, ఉపశమనమూ అవుతుంది. ఆర్‌వో నీటిని తొట్టె నీటి వేడికి తెచ్చి, చిటికెడు వంటసోడాతో పీహెచ్ 8.2 దగ్గరకు చేర్చి, నల్లని గిన్నెలో పోసి చేపను మూడు నుంచి అయిదు నిమిషాలు ఉంచితే, పారదర్శకంగా ఉన్న పురుగులు తెల్లబడి నువ్వుగింజల్లా అడుగున రాలుతాయి. అవి కనిపిస్తే లీటరుకు 2 నుంచి 2.5 మిల్లీగ్రాముల ప్రాజిక్వాంటెల్ అనే నులిపురుగుల మందు విడి తొట్టెలో వేసి, గుడ్లనుంచి వచ్చేవాటి కోసం వారం తరువాత మరోసారి వేయాలి.

చేపలన్నిటినీ, రోగం కనిపించనివాటిని కూడా, విడి తొట్టెకు మార్చాక ప్రధాన తొట్టెను ఖాళీగా వదలడమే దాని చికిత్స. ఇక్ అయితే 76 రోజులు, వెల్వెట్ అయితే ఆరు వారాలు అందులో ఒక్క చేప కూడా ఉండకూడదు. పగడాలు, రొయ్యలు అక్కడే ఉండవచ్చు, వాటికి ఈ రోగాలు రావు. వల, బకెట్, తడిచేయి ఒక తొట్టెనుంచి మరోదానికి వెళ్లకుండా చూసుకోవడం వినడానికి చిన్న విషయమే కానీ, 70వ రోజున పడే ఒక్క తడి వలతో లెక్క మొత్తం మొదటికి వస్తుంది. రోహిణి కార్తెలో నీరు 30 డిగ్రీలు దాటితే నీటి పైభాగానికి ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది; కానీ నీరు ఆవిరై ఉప్పు గాఢత పెరుగుతుంది కనుక రోజూ ఆర్‌వో నీటితో గీత వరకు నింపాలి. మందు ఆపిన తరువాత చేపను మరో రెండు వారాలు మందు లేని నీటిలో ఉంచి, మళ్లీ ఉదయపు టార్చి వెలుతురులో చూసి, శ్వాస లెక్క పాత పుస్తకంలోని అంకెతో సరిపోయాకే ప్రధాన తొట్టెలోకి వదలాలి.