లండన్‌కి కొత్తగా వస్తున్నారా? ఆయిస్టర్ కార్డు ఇలా వాడండి

ప్రతి సెప్టెంబర్‌లోనూ, మళ్లీ జనవరిలోనూ లండన్ తూర్పున ఉన్న మా ఈస్ట్‌హామ్‌లో కొత్త పిల్లలు దిగుతారు. గుంటూరు, ఖమ్మం, కరీంనగర్, ఎక్కడెక్కడి నుంచో ఎమ్మెస్ చదవడానికి వస్తారు. రూమ్ గురించి, సిమ్ గురించి, బ్యాంకు ఖాతా గురించి వాళ్లకి చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. బస్సు, రైలు ఖర్చు గురించి మాత్రం ఎవరూ వివరంగా చెప్పరు. కాలేజీ జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయడానికి వీసా ఒప్పుకోదు. అలా సంపాదించిన డబ్బు తెలియక టికెట్లకి పోతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

హీత్రోలో దిగగానే అండర్‌గ్రౌండ్ స్టేషన్‌లోని మెషీన్ దగ్గర, బస్సు, రైలు ఛార్జీలు కట్టడానికి వాడే నీలం రంగు ఆయిస్టర్ కార్డు కొనుక్కోండి. కార్డుకి కొంత ఫీజు ఉంటుంది, అది తిరిగి రాదు. దాని మీద మీరు వేసుకునే బ్యాలెన్స్ మాత్రం మీదే. మొదటిసారి 20 పౌండ్లు వేస్తే చాలు. అక్కడి నుంచి ఎలిజబెత్ లైన్ ఎక్కమని ఎవరైనా చెబితే, త్వరగా వెళ్లాల్సిన పని ఉంటేనే ఎక్కండి. పికడిల్లీ లైన్‌లో ఛార్జీ దానిలో సగం కూడా ఉండదు. ఈస్ట్‌హామ్ వైపు వచ్చేవాళ్లు పికడిల్లీలో బేరన్స్ కోర్ట్ దాకా వచ్చి, అక్కడ అదే ప్లాట్‌ఫామ్ మీద అవతలి పక్కకి వచ్చే డిస్ట్రిక్ట్ లైన్ రైలు ఎక్కితే చాలు. రెండు పెద్ద సూట్‌కేసులు ఉన్నా మెట్లు ఎక్కి దిగే బాధ లేదు.

"ఇక్కడ బ్యాంకు కార్డు ట్యాప్ చేసినా సరిపోతుంది కదా" అని అడుగుతారు. ఇక్కడి ఖాతా తెరిచాక సరిపోతుంది, ఛార్జీ కూడా అంతే. కానీ ఇండియా కార్డుతో ట్యాప్ చేస్తే చాలా బ్యాంకులు ఫారెక్స్ ఛార్జీ వేస్తాయి. అన్నిటికంటే ముఖ్యం, రైల్‌కార్డు తగ్గింపు ఆయిస్టర్‌కే వస్తుంది, బ్యాంకు కార్డుకి రాదు. దాని సంగతి కిందకి వచ్చాక చెబుతాను.

ఇక వాడే పద్ధతి. రైలుకి రెండుసార్లు ట్యాప్, బస్సుకి ఒక్కసారే. స్టేషన్ గేటు దగ్గర పసుపు రంగు గుండ్రటి రీడర్ ఉంటుంది. కార్డు పెట్టి తీసేయకుండా ఒక్క క్షణం ఆనించి ఉంచండి, గేటు తెరుచుకుంటుంది. దిగిన స్టేషన్‌లో మళ్లీ ట్యాప్ చేస్తే గేటు మీది చిన్న తెరలో ఎంత కట్ అయిందో, ఎంత మిగిలిందో కనిపిస్తుంది. ఆ అంకె చూసే అలవాటు మొదటి రోజు నుంచే చేసుకోండి. బస్సులో డ్రైవర్ పక్కన రీడర్ ఉంటుంది, ఆకుపచ్చ లైటు వెలిగితే లోపలికి వెళ్లిపోవడమే. దిగేటప్పుడు ట్యాప్ అక్కర్లేదు. 2014 నుంచి లండన్ బస్సుల్లో నగదు తీసుకోరు, చిల్లర పట్టుకుని నిలబడి లాభం లేదు. బ్యాలెన్స్ కొంచెమే ఉండి బస్సు టికెట్‌కి చాలకపోయినా ఒక్క ప్రయాణానికి మాత్రం ఒప్పుకుంటుంది. ఆ తర్వాత టాప్ అప్ చేసి తీరాలి. రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చేవాళ్లకి ఇది గుర్తుండాలి.

డీఎల్‌ఆర్ (డాక్‌ల్యాండ్స్ లైట్ రైల్వే) దగ్గరే చాలామందికి తేడా కొడుతుంది. యూనివర్సిటీ ఆఫ్ ఈస్ట్ లండన్‌లో చేరినవాళ్లు సైప్రస్ స్టేషన్‌లో దిగుతారు. డీఎల్‌ఆర్‌లో చాలా స్టేషన్లకి గేట్లే ఉండవు. ప్లాట్‌ఫామ్‌కి వెళ్లే దారిలో స్తంభానికి రీడర్ ఉంటుంది. ఎవరూ ఆపరు కాబట్టి మాట్లాడుకుంటూ దాటేస్తారు. ఎక్కేచోట ట్యాప్ చేసి దిగేచోట మరిచిపోతే, మీరు ఎక్కడ దిగారో తెలియదు కాబట్టి గరిష్ఠ ఛార్జీ పడుతుంది. అసలు ట్యాప్ చేయకుండా ఎక్కి తనిఖీలో దొరికితే 100 పౌండ్ల పెనాల్టీ, 21 రోజుల్లోపు కడితే అందులో సగం. కానీ కానింగ్ టౌన్‌లో జూబ్లీ లైన్ నుంచి డీఎల్‌ఆర్‌కి మారేటప్పుడు మధ్యలో ట్యాప్ చేయకండి. మొదలు, చివర, అంతే.

మధ్యలో ట్యాప్ చేయాల్సింది గులాబీ రంగు రీడర్లకే. లండన్‌ని జోన్లుగా విభజించారు. నడిబొడ్డున ఉన్న జోన్ 1 గుండా వెళ్తే ఛార్జీ ఎక్కువ. ఈస్ట్‌హామ్ నుంచి క్లాపమ్ జంక్షన్‌కి వెళ్లాలనుకోండి, వైట్‌చాపెల్‌లో ఓవర్‌గ్రౌండ్ అనే రైలుకి మారితే జోన్ 1 తగలదు. మీరు ఆ దారినే వెళ్లారని తెలియాలంటే వైట్‌చాపెల్‌లో గులాబీ రీడర్‌కి కార్డు ఆనించాలి. స్ట్రాట్‌ఫర్డ్‌లో, గోస్పెల్ ఓక్‌లో కూడా ఇవి ఉంటాయి.

బస్సు టికెట్ 2025లో 1.75 పౌండ్లు. హాపర్ అనే సదుపాయం వల్ల మొదటి ట్యాప్ నుంచి గంటలోపు ఎన్ని బస్సులు ఎక్కినా అదే టికెట్. మధ్యలో ట్యూబ్ (అండర్‌గ్రౌండ్ రైలు) ఎక్కినా పర్వాలేదు, కార్డు మాత్రం అదే ఉండాలి. టైమ్ ఉన్నప్పుడు ఈస్ట్‌హామ్ నుంచి ఆల్డ్‌గేట్‌కి 115 నంబర్ బస్సులో వెళ్లండి. ట్యూబ్ కంటే ఆలస్యమే, కానీ పర్సు తేలికవదు.

రోజుకి ఇంత, సోమవారం నుంచి ఆదివారం దాకా ఇంత అని ఒక హద్దు ఉంటుంది, దాన్ని క్యాప్ అంటారు. అది దాటాక ఇక కట్ అవ్వదు. కానీ లెక్క కార్డు కార్డుకీ వేరు. పొద్దున ఆయిస్టర్, మధ్యాహ్నం ఫోన్, సాయంత్రం బ్యాంకు కార్డు వాడితే క్యాప్ ఎప్పటికీ అందదు. ఒకే బ్యాంకు ఖాతా అయినా ఫోన్ వేరు, ప్లాస్టిక్ కార్డు వేరు. ఏది మొదలుపెడితే అదే వాడండి.

ఇప్పుడు రైల్‌కార్డు. 16-25 రైల్‌కార్డు అంటే ఆ వయసువాళ్లకి రైలు ఛార్జీ తగ్గించే కార్డు. ఆ వయసు దాటిన ఫుల్‌టైమ్ విద్యార్థులకి కూడా ఇస్తారు, చాలామందికి ఆ సంగతి తెలియదు. అది తీసుకుని, ట్యూబ్ స్టేషన్‌లో సిబ్బందిని అడిగి ఆయిస్టర్‌కి జత చేయించుకోండి. రద్దీ లేని వేళల్లో రైలు ఛార్జీలో మూడో వంతు తగ్గుతుంది. రద్దీ వేళలంటే సోమవారం నుంచి శుక్రవారం వరకు పొద్దున 6:30 నుంచి 9:30, సాయంత్రం 4 నుంచి 7. శని, ఆదివారాలు రోజంతా తగ్గింపే. బస్సుకి వర్తించదు. రైల్‌కార్డు రెన్యూ చేసినప్పుడల్లా మళ్లీ జత చేయించాలి. రోజూ కాలేజీకి వెళ్లాల్సినవాళ్లు 18+ స్టూడెంట్ ఆయిస్టర్ కూడా చూసుకోండి, దాని మీద వారం, నెల ట్రావెల్‌కార్డులు (పాసులు) 30 శాతం తక్కువకి వస్తాయి.

కార్డు కొన్న రోజే టీఎఫ్‌ఎల్ (లండన్ రవాణా సంస్థ) ఖాతాలో రిజిస్టర్ చేయండి. పోగొట్టుకుంటే ఆపించి బ్యాలెన్స్ కాపాడుకోవచ్చు, ఎక్కువ కట్ అయితే ప్రయాణాల చిట్టా చూసి రీఫండ్ అడగవచ్చు.

హాట్‌ఫీల్డ్‌లో హెర్ట్‌ఫర్డ్‌షైర్ యూనివర్సిటీకి వెళ్లేవాళ్లు జాగ్రత్త. ఆ దారిలో ఆయిస్టర్ పాటర్స్ బార్ దాకే చెల్లుతుంది. లూటన్‌కి కూడా పనికిరాదు.

ఒక కార్డు మీద ఇద్దరు కలిసి ప్రయాణం చేయడానికి లేదు, అమ్మానాన్నలు చూడటానికి వస్తే ఎవరి కార్డు వాళ్లకి కొనండి. వాళ్లు తిరిగి వెళ్లేటప్పుడు బ్యాలెన్స్ 10 పౌండ్లలోపు ఉంటే ట్యూబ్ స్టేషన్ మెషీన్‌లోనే వెనక్కి తీసుకోవచ్చు. నన్నడిగితే ఆ కార్డులు అలాగే దాచి ఉంచండి. మళ్లీ వచ్చినప్పుడు కొత్త ఫీజు కట్టక్కర్లేదు, ఆ బ్యాలెన్స్‌కి గడువు లేదు.