వాట్సాప్ వెబ్‌లో మెసేజ్ పోతుంది, ఫైలు పోదా?
అనంతపురంలో ఆఫీసుల్లో, కాలేజీల్లో పనిచేసేవాళ్లకు ఇది పనికొస్తుంది. వాట్సాప్ వెబ్‌లో మెసేజ్‌లు టకటకా పోతాయి. పీడీఎఫ్ పెడితే మాత్రం గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. ముందు కంప్యూటర్‌ను ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి అదే ఫైలు పంపి చూడండి. అప్పుడు పోయిందా, అడ్డుపడేది చాలావరకు ఆఫీసు ఫైర్‌వాలే (నెట్‌వర్క్‌లోకి వచ్చేపోయేవాటిని వడకట్టే కాపలా). మెసేజ్‌లు ఒక సర్వర్‌కు, ఫోటోలూ ఫైళ్లూ వేరే సర్వర్లకు వెళ్తాయి. అందుకే ఫైర్‌వాల్‌లో వెబ్.వాట్సాప్.కామ్ ఒక్కదాన్నే వదిలితే చాలదు. నెట్‌వర్క్ చూసే అన్నకు చెప్పి వాట్సాప్.నెట్‌ను (whatsapp.net), దాని సబ్‌డొమైన్లన్నిటితో (ఆ పేరుకు ముందు ఇంకో పేరు చేరిన చిరునామాలు) సహా, 443 పోర్టులో (సురక్షిత వెబ్‌సైట్లు వాడే దారి) వదలమనండి. ఎస్ఎస్ఎల్ తనిఖీ (రహస్యంగా వెళ్లే డేటాను ఫైర్‌వాల్ మధ్యలో విప్పి చూడటం) ఆన్‌లో ఉంటే వీటికి మినహాయింపు కూడా పెట్టాలి, ఇది మరిచిపోతే ఫైళ్లు మళ్లీ ఆగిపోవచ్చు. ఫైర్‌వాల్‌నే ఆపేయమని మాత్రం అడగొద్దండీ. పిల్లల మార్కులు, జీతాల లెక్కలు అన్నీ ఆ నెట్‌వర్క్‌లోనే ఉంటాయి.