డిస్లెక్సియా ఉన్న పిల్లలతో కథలు – నాలుగవ పాఠం: దిద్దకుండా రాసిపెట్టడం

పిల్లలు చెప్పిన కథను పెద్దలు ఉన్నదున్నట్టు రాసిపెట్టాలని గత పాఠంలో చెప్పాను. అలా రాసి మీరు పంపిన కాగితాలు చదివాక, ఈసారి చెప్పవలసిన సంభాషణల పాఠాన్ని వాయిదా వేయక తప్పలేదు. ఒక కాగితం అంచున పెన్సిలుతో “బాయిల చందమామ పడ్డది, కప్పలు దాన్ని నాకుతున్నయి” అని ఉంది. కింద శుభ్రంగా రాసిన ప్రతిలో “బావి నీటిలో చంద్రుని ప్రతిబింబం కనిపించింది” అని ఉంది. కథంతా ఆ కప్పల్లోనే ఉంది, వాటినే తీసేశారు.

డిస్లెక్సియా అంటే చదవడంలో, రాయడంలో ఎదురయ్యే ఇబ్బందే గానీ తెలివికి సంబంధించిన లోపం కాదని మళ్ళీ చెప్పను. అయితే రాసేటప్పుడు ఏం జరుగుతుందో గమనించండి. “రాత్రి” అని రాయడానికి ర పక్కన దీర్ఘం, త మీద గుడి, కింద క్రావడి, అన్నీ గుర్తు తెచ్చుకోవాలి. ఆ పెనుగులాట ముగిసేలోగా తరువాతి వాక్యం జ్ఞాపకంలోంచి జారిపోతుంది. అందుకే చాలామంది పిల్లలు “భయంకరమైన” అనాలనుకుని, రాయడం తేలికని “పెద్ద” అని సరిపెట్టుకుంటారు. రాసే భారం మీరు మోస్తే ఆ మాట తిరిగి వస్తుంది. దాన్ని మీరే మార్చేస్తే మోసిన ఫలితం దక్కదు.

అంతకన్నా నన్ను బాధించేది, చెప్పిన కథనే పిల్లల చేత తిరిగి చక్కగా రాయించడం. ఇది సాధన అని మీ ఉద్దేశం కావచ్చు. కానీ కథ చెప్పిన ప్రతిసారీ చివర ఒక పేజీ చూచిరాత ఉంటుందని తెలిసిన బిడ్డ మరుసటి రోజు రెండు వాక్యాలతో కథ ముగిస్తాడు. వర్ణక్రమం నేర్పవద్దని నేను అనడం లేదు. దానికి వేరే పుస్తకం, వేరే వేళ పెట్టండి. కథలోంచి రెండు మాటలు తీసుకోండి, చాలు. వాటిని ఇసుకలో, పలక మీద, వేలితో రాయించండి. కథ రాసిన కాగితం మీద మాత్రం ఎర్ర సిరా పడకూడదు.

వేరొకరు రాసిపెడితే మోసం కాదా అని కొందరు అడిగారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం డిస్లెక్సియాను నిర్దిష్ట అభ్యసన వైకల్యాలలో చేర్చింది. సీబీఎస్ఈ పరీక్షల్లో అర్హులైన పిల్లలకు లేఖకుడినీ అదనపు సమయాన్నీ అనుమతిస్తారు. పరీక్షకు తగినది ఇంట్లో కథకు తగకుండా పోదు. ఫోన్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ కూడా వాడవచ్చు గానీ, నేను మనిషి రాయడాన్నే ఇష్టపడతాను; ఫోను “బాయిల” వంటి మాటల దగ్గర తడబడుతుంది, పైగా “తర్వాత ఏమైంది?” అని అడగదు.

సాధన కొంచెం కష్టమైనదే. ఈ వారం మూడు కథలు రికార్డు చేసి, “ఆ... మరి...” లతో సహా ఒక్క మాటా మార్చకుండా కాగితం మీద పెట్టండి. తరువాత వేలితో చూపిస్తూ మీరే చదివి వినిపించండి. బిడ్డ “ఇట్లా కాదు” అన్నచోట మాత్రమే కొట్టివేసి, తన మాటను పైన రాయండి. ఆ కొట్టివేతలతోనే కాగితాలు పంపండి; శుభ్రమైన ప్రతి అక్కర్లేదు.