‘రేపు’ అంటే ఏ రేపు?

శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పడింది. "రేపు హైదరాబాద్‌లో మాల్స్‌కు, మెట్రోకు వెళ్లకండి. ఉగ్రవాదులు దిగారట. మా బావగారి స్నేహితుడు ఇంటెలిజెన్స్‌లో ఉన్నారు. మీ వాళ్లందరికీ పంపండి." పది నిమిషాల్లో మూడో అంతస్తు పిన్నిగారి ఫోన్. "అమ్మాయీ, పొద్దున మనవరాలి పెళ్లి చీరలకు బయలుదేరాలా, మానాలా? నువ్వు పేపర్లో పనిచేశావు కదా, చెప్పు."

ఇరవై ఆరేళ్లు దినపత్రికలో సబ్ ఎడిటర్‌గా చేశాను. అందులో ఎక్కువ రాత్రి డ్యూటీయే. ఆవిడకు ఫోన్‌లో చెప్పినదాన్నే కాస్త వివరంగా రాస్తున్నాను.

మెసేజ్‌ని ఒకసారి పైకి చదవండి. కళ్లతో చదివితే భయం చదువుతుంది, నోటితో చదివితే లొసుగులు వినిపిస్తాయి. ‘రేపు’ దగ్గర ఆగండి. ఏ తేదీకి రేపు? తేదీ వేయని రేపు ఎన్నేళ్లయినా పాతబడదు. పైన రెండు బాణాల గుర్తు ఉంటే అది కనీసం ఐదు చేతులు మారి మీ దాకా వచ్చిందని అర్థం. ఇక ఆ బావగారు ఎవరి బావగారు? పంపినావిడను అడిగాను. "మా చెల్లెలు పంపిందండీ" అన్నారు. ఆ చెల్లెలికి బావగారంటే ఈవిడ భర్తే! ఆయనేమో ఆ సమయంలో హాల్లో కూర్చుని క్రికెట్ చూస్తున్నారు.

తర్వాత అందులోని ఒక వాక్యాన్ని ఊరి పేరు తీసేసి గూగుల్‌లో వెతకండి. అదే వాక్యం ముంబై పేరుతోనో, బెంగళూరు పేరుతోనో కనిపిస్తే ఇక ఆలోచించాల్సింది పెద్దగా లేదు. ఫోటో ఉంటే దాన్ని కూడా అలాగే వెతకవచ్చు.

కష్టమైనది వేరే రకం. అన్ని వివరాలతో వచ్చే బెదిరింపు. 2024 అక్టోబరు 14న ముంబై నుంచి న్యూయార్క్ బయలుదేరిన విమానాన్ని బెదిరింపు కారణంగా ఢిల్లీకి మళ్లించారు. ఆ తర్వాత కొన్ని రోజులపాటు వరసగా ఎన్నో విమానాలకు అలాంటివే వచ్చాయి. ఒక కేసులో ఛత్తీస్‌గఢ్‌కు చెందిన పదిహేడేళ్ల అబ్బాయి దొరికాడు. డబ్బు తగాదాలో స్నేహితుణ్ని ఇరికించాలని అతని పేరుతో సోషల్ మీడియాలో ఖాతా తెరిచి ఆ బెదిరింపు పోస్టులు పెట్టాడని పోలీసులు చెప్పారు. విమానం నంబరు చూడగానే మనకు గుండె జారుతుంది. కానీ అది టైంటేబుల్లో ఎవరికైనా దొరికేదే. వివరం వేరు, లోగుట్టు వేరు. ఇంట్లో కూర్చుని ఫోన్‌లో చూసి రాయలేని సంగతి ఇందులో ఒక్కటైనా ఉందా? నేను వేసుకునే ప్రశ్న ఇదే.

లేదు కాబట్టి ఉత్తిదే అని తీసిపారేసే అధికారం మాత్రం మనకు లేదు. 2008 జూలై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు మీడియాకు మెయిల్ వచ్చింది. అది ఉత్తిది కాలేదు. 2024 మే 1న ఢిల్లీ పరిసరాల్లో వందకు పైగా బడులకు ఒకే ఉదయం మెయిళ్లు వెళ్లాయి. ఏమీ దొరకలేదు. అయినా పోలీసులు బడులన్నీ వెతికారు. నిజమో కాదో తేల్చడం వాళ్ల పని. మన పని రెండే: వాళ్లకు చెప్పడం, ఇంకెవరికీ పంపకపోవడం.

బెదిరింపు నేరుగా మీ బడికో, ఆఫీసుకో, మీకో వస్తే వెంటనే 112కు ఫోన్ చేయండి. మెయిల్ చెరిపేయకండి, జవాబివ్వకండి. ఎక్కడినుంచి వచ్చిందో తెలిపే సమాచారం అసలు మెయిల్లోనే ఉంటుంది, స్క్రీన్‌షాట్‌లో ఉండదు. స్క్రీన్‌షాట్ కూడా తీసి పెట్టుకోండి, కానీ దానితో సరిపెట్టకండి. చోటు, సమయం రాసి ఉంటే అక్కడున్నవాళ్లను బయటికి పంపడానికి ఇంకొకరి అనుమతి కోసం చూడకండి. అనుమానం కలిగించే సంచిని ముట్టుకోకండి.

ఈ నీతులు చెప్పే నేను కూడా ఒకసారి తప్పు చేశాను. 2013 ఫిబ్రవరి 21, రాత్రి ఏడు ప్రాంతం. దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్లకు పెట్టిన రెండు బాంబులు పేలాయి. డెస్కులో ఫోన్లన్నీ ఒకేసారి మోగుతున్నాయి. ఎవరో "మూడోది కూడా ఉందట" అన్నారు. వార్తలో ఆ మాట రాయలేదు. కానీ వెనక్కి తిరిగి సరూర్‌నగర్‌లో ఉన్న మా చెల్లెలికి ఫోన్ చేసి అదే మాట చెప్పాను. "మూడోది కూడా ఉందట, గడప దాటకండి." అది వీధంతా చెప్పింది. పక్కింటి ముసలాయన మందుల దుకాణానికి వెళ్లకుండా రాత్రంతా ఆయాసంతో కూర్చున్నాడట. మూడోది లేదు. ఆ ‘ట’ను వాళ్ల వీధికి మోసింది నేనే. అప్పటినుంచి ‘ఉందట’, ‘దిగారట’ కనిపిస్తే ‘ట’ తీసేసి వాక్యాన్ని మళ్లీ చదువుతాను. "ఉగ్రవాదులు దిగారు" అని నా సంతకం పెట్టి చెప్పగలనా?

భయం మాటంటారా, అది వాదనతో పోదు. పేలుళ్ల తర్వాత నేను దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు వైపు చాలా నెలలు వెళ్లలేదు. పిన్నిగారికి కూడా భయపడకండి అని చెప్పలేదు. ఫోన్ ఇంకో గదిలో పెట్టి పడుకోమన్నాను, పొద్దున పోలీసుల అధికారిక ఖాతా చూసి చెబుతానన్నాను. గ్రూపులో ఇలా రాశాను: "ఇందులో తేదీ లేదు, చెప్పినవారి పేరు లేదు. పోలీసులకు పంపాను. వాళ్లు చెప్పేదాకా ఎవరూ దీన్ని ముందుకు పంపవద్దు." అబద్ధమని రాయలేదు, ఎందుకంటే అది నాకూ తెలియదు.

ఆదివారం ఉదయం ఆ ఖాతాలో అలాంటి హెచ్చరికేమీ లేదు. విక్టోరియా మెమోరియల్ దగ్గర మెట్రో ఎక్కి అమీర్‌పేట వెళ్లాం. దిల్‌సుఖ్‌నగర్ దాటేటప్పుడు పిన్నిగారు నా చెయ్యి పట్టుకున్నారు, మలక్‌పేటలో వదిలారు. నాలుగు చీరలు తీసుకున్నారు. ఒకదానికి జాకెట్టు ముక్క రంగు కలవలేదని సోమవారం మళ్లీ వెళ్లాం.